సంతకానికి ముందు ఆ కాగితం ఎవరు చదివారు?

సమ్మె ముగిసిన మర్నాడు మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గరైనా, మహబూబ్‌నగర్ ఆర్టీసీ డిపో ముందైనా, సూర్యాపేట మార్కెట్ యార్డులోనైనా రెండు మాటలు వినిపిస్తాయి. నాయకులు అమ్ముడుపోయారని సభ్యులంటారు. సభ్యులకు ఓపిక లేదని, చైతన్యం లేదని నాయకులంటారు. రెండింటికీ ఆధారాలు లేకపోలేదు. యాజమాన్యంతో లోపాయికారీగా మాట్లాడుకున్న నాయకులను కార్మికులు చూశారు. చందా కట్టకుండా తప్పించుకుని సమ్మె ఫలితం మాత్రం అందుకున్న సభ్యులను నాయకులూ చూశారు. అయితే ఈ నిందల దగ్గరే ఆగిపోతే అసలు విషయం చేజారిపోతుంది. ఒక ఒప్పందం తర్వాత భుజాల మీద ఊరేగిన నాయకుడే మరో ఒప్పందం తర్వాత అదే మనుషుల చేత తిట్లు తినడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. రెండేళ్లలో ఆ మనిషి గుణం మారిపోయిందనుకోవడం కంటే, ఆ రెండు ఒప్పందాలూ కుదిరిన తీరును పోల్చి చూడటం మేలు. బేరం ఎక్కడ జరిగింది, లెక్కలు ఎవరి చేతిలో ఉన్నాయి, కుదిరిన కాగితాన్ని సంతకానికి ముందు సభ్యులకు చదివి వినిపించారా అని అడిగితే చాలా సంగతులు బయటపడతాయి. వాటిలోనూ చివరి ప్రశ్నే కీలకం.

ముఠా లెక్క, సంఘం లెక్క

నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు ధాన్యం మీద పెరిగిన మిర్యాలగూడ మిల్లుల్లో హమాలీ పని ముఠాల వారీగా నడుస్తుంది. లారీ నుంచి ధాన్యం దించడానికి ఒక రేటు, కాటా వేయడానికి ఒకటి, నెట్టు (ఒకదానిపై ఒకటి పేర్చిన బస్తాల దొంతర) కట్టడానికి ఒకటి, బియ్యం బస్తాలను లారీకి ఎత్తడానికి మరొకటి. కూలి బస్తా లెక్కన వస్తుంది. సాయంత్రం ముఠా మేస్త్రి తన నోటుపుస్తకంలోని సంఖ్యను మిల్లు గుమస్తా లెక్కతో సరిచూస్తాడు. వచ్చిన మొత్తాన్ని ఆ రోజు పనిలోకి దిగినవాళ్లు సమానంగా పంచుకుంటారు. లెక్కలో పది బస్తాలు తగ్గితే ముఠాలో ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఎందుకంటే ప్రతి ఒక్కరూ తాము మోసినవాటిని మనసులో లెక్కపెట్టుకుంటూనే ఉంటారు. మేస్త్రి మీద గౌరవం ఉంటుంది, కానీ ఆయన దాచగలిగేది ఏమీ ఉండదు.

ఇదే హమాలీ సంఘం సభ్యుడి హోదాలో రేట్ల ఒప్పందం దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి తారుమారవుతుంది. గడువు ముగిసినప్పుడల్లా మిల్లర్ల సంఘమూ హమాలీ సంఘాల ప్రతినిధులూ కూర్చుంటారు. రోజుల తరబడి చర్చలు నడుస్తాయి. ఒక రాత్రి ఫోన్లు వస్తాయి: కుదిరింది, రేపటి నుంచి పనిలోకి రావాలి. ఎంత పెరిగిందో ఒక అంకె చెబుతారు. మిగతా షరతులు కాగితంలో ఉంటాయి, ఆ కాగితం ఆఫీసులో ఉంటుంది.

ఆ అంకె వెనుక ఏముంటుందో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. ఇరవై మంది ముఠా రోజుకు 50 కిలోల బస్తాలు 2,000 నెట్టు కడుతుందనుకుందాం. బస్తాకు రూపాయి పెరిగితే ముఠాకు రోజుకు 2,000 రూపాయలు, మనిషికి 100 రూపాయలు అదనం. నెలలో పాతిక రోజులు పని దొరికితే 2,500 రూపాయలు. పిల్లవాడి ఫీజో, ఇంటి అద్దెలో సగమో అందులో వెళ్లిపోతుంది. కాబట్టి రూపాయి చిన్న మొత్తం కాదు. ఇప్పుడు అదే కాగితంలో నాలుగో పేరాలో, నెట్టు ఫలానా వరసలు దాటితే ఇచ్చే అదనపు రేటును ఎత్తేస్తున్నట్టు ఒక వాక్యం ఉందనుకుందాం. సీజన్‌లో గోదాము నిండిపోతే నెట్లు పైకప్పును తాకుతాయి. బల్ల మీద బస్తా మోసుకుంటూ పై వరసకు ఎక్కడం ఈ పనిలో అన్నిటికంటే ప్రమాదకరం. వచ్చిన రూపాయిలో సగం ఆ వాక్యం దగ్గర పోతుంది, ప్రమాదం మాత్రం అలాగే మిగిలిపోతుంది.

ఈ వాక్యాన్ని పట్టుకోగలిగేది ఎవరు? బస్తా మోసి ఏళ్లు దాటిన నాయకుడికి, అసలు ఎప్పుడూ మోయని నాయకుడికి అది మామూలు వాక్యంలా కనిపిస్తుంది. రోజూ పై వరసకు ఎక్కే మనిషి దాన్ని వినగానే ఆపుతాడు. అందువల్ల ఒప్పందాన్ని ముందుగా చదివి వినిపించడాన్ని సభ్యులకు ఇచ్చే మర్యాదగా చూడటం సరిపోదు. ఆ పని తెలిసిన వాళ్ల పరిజ్ఞానాన్ని బేరంలోకి తీసుకురావడానికి అంతకు మించిన దారి లేదు. నాయకుడికి చట్టం తెలుసు, అధికారులు తెలుసు, మిల్లరు ఎక్కడ తగ్గుతాడో తెలుసు. సభ్యుడికి పని తెలుసు. ఒప్పందానికి రెండూ కావాలి.

అలాంటప్పుడు ఎందుకు చదవరు? నాయకుల వైపు నుంచి చూస్తే కారణాలు తేలికైనవి కావు. హమాలీల సమ్మెకు బలం వరి కోతల కాలంలోనే. ఖరీఫ్ ధాన్యం మిల్లుల ముందు బారులు తీరినప్పుడు, యాసంగి ధాన్యం మీద అకాల వర్షం పడేలా ఉన్నప్పుడు మిల్లరు దిగివస్తాడు. ఆ వారం దాటితే బేరం చేయి జారుతుంది. అదే వారంలో రైతు ట్రాక్టరు మీద ధాన్యం పెట్టుకుని రోడ్డు మీద నిలబడి ఉంటాడు. ఆ రైతు చాలాసార్లు హమాలీకి బంధువో, ఊరివాడో అయి ఉంటాడు. అధికారులు ఒత్తిడి పెంచుతారు. అర్ధరాత్రి దాటాక మిల్లర్లు ఇప్పుడే సంతకం పెడితే ఈ రేటు, రేపైతే మళ్లీ మొదటికే అంటారు. వెనక్కి వెళ్లి సభ్యులను అడుగుతామంటే, నీ మాట నీ వాళ్లు వినరా అన్న ఎత్తిపొడుపు వస్తుంది. ఆ ఎత్తిపొడుపుకు లొంగని నాయకులు తక్కువ. అక్కడ సంతకం పడిపోతుంది.

ఆ సంతకానికి చట్టం ఇచ్చే బరువు కూడా తక్కువేమీ కాదు. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం రాజీ అధికారి సమక్షంలో కుదిరిన ఒప్పందం ఆ సంస్థలోని కార్మికులందరికీ వర్తించేది. సంఘంలో సభ్యత్వం లేనివారికీ, ఆ తర్వాత పనిలో చేరినవారికీ కూడా. నలుగురైదుగురు పెట్టిన సంతకం వందల మందిని ఏళ్ల తరబడి కట్టిపడేస్తుంది. అయినా ఆ వందల మంది ఆమోదం ముందుగా తీసుకోవాలన్న నిబంధన ఆ చట్టంలో లేదు. సమ్మెకు ముందు సభ్యుల ఓటు తీసుకోవాలని కూడా లేదు. ఆ లోటును సంఘాలే తమ నియమావళితో పూడ్చుకోవాలి.

మేస్త్రి నుంచి అన్న దాకా

ఈ ప్రాంతంలో నాయకుడికీ సభ్యుడికీ ఉన్న సంబంధం ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలైంది కాదు. నల్లగొండలో సంఘం అనే మాటకు దొరల వెట్టిని ఎదిరించిన చరిత్ర ఉంది. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన భువనగిరి ఆంధ్ర మహాసభ నుంచి 1946–51 సాయుధ పోరాటం దాకా ఊరూరా ఏర్పడిన సంఘాల్లో నాయకుడూ సభ్యుడూ ఒకే పొలం గట్టు మీద నడిచారు. తప్పు చేస్తే ఇద్దరికీ ఒకే లాఠీ, ఒకే జైలు. ఆ జ్ఞాపకం వల్లనే నేటికీ నల్లగొండ, సూర్యాపేట పల్లెల్లో ఎర్రజెండా నాయకుడి మాటకు ఒక విలువ ఉంది. సూర్యాపేటకు చెందిన బొమ్మగాని ధర్మభిక్షం గీత కార్మికులను సంఘటితం చేసిన మనిషిగా జనం గుర్తు పెట్టుకున్నారు. 1991లోనూ, ఫ్లోరైడ్ సమస్యపై నిరసనగా వందల మంది నామినేషన్లు వేయడంతో 480 మంది బరిలో నిలిచిన 1996 ఎన్నికలోనూ నల్లగొండ నుంచి లోక్‌సభకు గెలిచారు. అలాంటి వ్యక్తుల మీద ఉన్న నమ్మకం అరుదైనది. చిక్కల్లా ఆ నమ్మకం మనిషి మీదిది కావడంలోనే ఉంది. ఆ మనిషి తర్వాత వచ్చినవారు అదే నమ్మకాన్ని వారసత్వంగా ఆశిస్తారు. దాన్ని మళ్లీ సంపాదించుకునే ఏర్పాటు సంఘంలో ఉండదు.

పాలమూరు (మహబూబ్‌నగర్) చరిత్ర ఇంకో రకం. దేశంలోని ఎన్నో ఆనకట్టలు, కాలువలు, రోడ్ల మీద పాలమూరు కూలీల చెమట ఉంది. వారికి తొలి నాయకుడు మేస్త్రి. ఊళ్లో అడ్వాన్సు ఇచ్చేదీ, గుంపు కట్టేదీ, రైలెక్కించేదీ, జబ్బు చేస్తే ఆస్పత్రికి తీసుకెళ్లేదీ, పండగకు ఇంటికి పంపేదీ ఆయనే. ఆ మేస్త్రే కాంట్రాక్టరుకు మనిషి కూడా. అడ్వాన్సులో ఎంత తీరింది, తిండి ఖర్చు ఎంత పట్టుకున్నారు, ఎన్ని రోజులు నాగా రాశారు అన్న లెక్క ఆయన చేతిలోనే. 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రతి కూలీకి ఫొటోతో పాస్‌బుక్ ఇవ్వాలని, అందులో వేతనం, అడ్వాన్సు వివరాలు రాయాలని చెప్పింది. ఆ పాస్‌బుక్ కూలీ చేతికి వచ్చి ఉంటే మేస్త్రి పెత్తనం చాలా వరకు సడలేది. పనుల మీద అది కనిపించడమే అపురూపమైంది.

ఇంతటి అనుభవం ఉన్న ప్రాంతంలోకి కార్మిక సంఘం వచ్చినప్పుడు కార్మికుడు దాని నాయకుడిలోనూ పనులు చేసి పెట్టే పెద్దదిక్కునే వెతుక్కున్నాడు. ఈఎస్ఐ కార్డు కాలేదు, అన్నకు చెప్పాలి. పీఎఫ్ డబ్బు ఆగిపోయింది, అన్న ఫోన్ చేస్తే వస్తుంది. సూపర్‌వైజర్ గేటు బయట నిలబెట్టాడు, అన్న వచ్చి లోపలికి పంపించాడు. ఇవన్నీ నిజమైన సాయాలు. జడ్చర్ల, కొత్తూరు, చౌటుప్పల్ ఫ్యాక్టరీల్లో వేలు తెగిన కుర్రవాడికి నష్టపరిహారం రావాలంటే వెంట తిరిగే ఒక మనిషి ఉండి తీరాలి, తిరిగేది చాలాసార్లు సంఘం నాయకుడే. పగలంతా కార్మిక శాఖ కార్యాలయంలో, సాయంత్రం ఆస్పత్రిలో, రాత్రి గేటు మీటింగులో గడిపి, సొంత ఇంటి అద్దె కట్టలేని నాయకులు ఈ జిల్లాల్లో ఎందరో ఉన్నారు. వారి త్యాగాన్ని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం.

ఇలాంటి సాయాల మీదనే నడిచే సంఘంలో మాత్రం సభ్యుడు క్రమంగా అర్జీదారుగా మారిపోతాడు. తన పని అయితే చందా కడతాడు, కాకపోతే పక్క జెండా కిందకు వెళతాడు. మహాసభలో లేచి లెక్క అడిగితే రేపు తన కేసు పక్కన పడుతుందేమోనని నోరు మెదపడు. నాయకుడికీ ఇది అలవాటవుతుంది. తనకు రుణపడిన మనుషులు తనను ప్రశ్నిస్తారని ఆయన అనుకోడు. ప్రశ్నిస్తే విశ్వాసం లేనివాడంటాడు. ఇద్దరూ మంచివాళ్లే అయినా సంబంధం మాత్రం పాత మేస్త్రి దారిలోనే సాగుతుంది.

గౌరవాధ్యక్షుడనే పదవి దీనికి మరో అంతస్తు. స్థానిక ఎమ్మెల్యేనో, పార్టీ జిల్లా నాయకుడినో గౌరవాధ్యక్షుడిగా పెట్టుకుంటే పనులు తేలికగా అవుతాయని సంఘాలు భావిస్తాయి. బయటి నాయకత్వం తప్పేమీ కాదు. కార్మికుడే నాయకుడైతే మర్నాడు బదిలీయో బర్తరఫో ఎదురవుతుంది, బయటి మనిషిని యజమాని ఏమీ చేయలేడు. 1926 నాటి కార్మిక సంఘాల చట్టం కూడా దీన్ని గుర్తించింది. 2001 సవరణ తర్వాత సంఘటిత రంగంలో కార్యవర్గంలో మూడో వంతు లేదా ఐదుగురు, వీటిలో ఏది తక్కువైతే అంతమంది బయటివారు ఉండవచ్చని చెప్పింది. అసంఘటిత రంగంలో సగం దాకా ఉండవచ్చని చెప్పింది. అంటే కార్యవర్గంలో మిగిలినవారు ఆ పని చేసేవారే కావాలి. కాగితం మీద అలాగే ఉంటారు కూడా. చర్చల బల్ల దగ్గర కూర్చునేటప్పుడు మాత్రం హమాలీ ఉపాధ్యక్షుడు గోడ పక్కన నిలబడి ఉంటాడు.

52 రోజులు చూపించినది

2019 తెలంగాణ ఆర్టీసీ సమ్మెను ఈ కోణంలో మళ్లీ చూడాలి. అక్టోబర్ 5న మొదలైన ఆ సమ్మె 52 రోజులు సాగింది. దాదాపు 48,000 మంది కార్మికులు, సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్న ప్రధాన డిమాండ్, కార్మికులు తమంత తామే ఉద్యోగాలు వదులుకున్నారని ప్రకటించిన ముఖ్యమంత్రి. జీతం లేకుండా దసరా, దీపావళి గడిచిపోయాయి. నవంబర్ 14న సంఘాల ఉమ్మడి కార్యాచరణ కమిటీ (జేఏసీ) విలీనం డిమాండ్‌ను తాత్కాలికంగా పక్కన పెట్టింది. 25న సమ్మె విరమణ ప్రకటించింది. మర్నాడు డిపోలకు వచ్చిన కార్మికులను లోపలికి రానివ్వలేదు. 28న ముఖ్యమంత్రి ప్రకటన తర్వాత 29న విధుల్లో చేరారు.

సభ్యులకు ఓపిక లేదన్న మాటను ఈ 52 రోజులే కొట్టివేస్తాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ రీజియన్లలో డ్రైవర్లు, కండక్టర్లు అప్పులు చేసి ఇల్లు గడిపారు, గడువుల మీద గడువులు విధించినా అత్యధికులు విధుల్లో చేరలేదు. వారికి లేనిది ఓపిక కాదు, నిర్ణయంలో భాగం. సమ్మె దేని మీద నిలబడిందో ఆ డిమాండ్‌ను పక్కన పెట్టడం హైదరాబాద్‌లో తేలిన విషయం. గద్వాలలోనో దేవరకొండలోనో డిపో ముందు టెంటులో కూర్చున్న కండక్టరు చేతులెత్తి ఒప్పుకున్న విషయం కాదు. వ్యూహంగా అది సరైనదే కావచ్చు, అప్పటికి ప్రభుత్వం ఏ మెట్టూ దిగలేదు. కానీ ఒప్పుకునే అవకాశం డిపోలకు దక్కి ఉంటే ఆ వెనకడుగు అందరిదీ అయ్యేది. దక్కలేదు కాబట్టి అది నాయకులది మాత్రమే అయింది.

ఆ సందులోనే ప్రభుత్వం చేయి పెట్టింది. కష్టానికి కారణం సంఘాల నాయకులేనని చెబుతూ, డిసెంబర్ 1న తన అధికారిక నివాసమైన ప్రగతి భవన్‌కు డిపోల నుంచి కార్మికులను పిలిపించి ముఖ్యమంత్రి నేరుగా మాట్లాడారు. సంఘాల స్థానంలో సంక్షేమ కమిటీలు వచ్చాయి. ఉద్యోగ విరమణ వయసు 60కి పెంచడం వంటి వరాలు అక్కడ ప్రకటించారు. నాయకుడిని తప్పించి సభ్యుడితో మాట్లాడటం ఏ యాజమాన్యానికైనా తెలిసిన ఎత్తుగడ. వరాలు ఇచ్చే చేయి రేపు వెనక్కి తీసుకుంటే అడగడానికి కమిటీకి ఏ హక్కూ ఉండదని కార్మికులకు తర్వాత తెలిసివచ్చింది. విలీనం బిల్లును శాసనసభ 2023 ఆగస్టులో ఆమోదించింది. బిల్లు తర్వాత కూడా అమలు కోసం ఆందోళన చేయాల్సి వచ్చినప్పుడు కార్మికులు మళ్లీ సంఘాల గుర్తింపునే కోరారు.

ఆర్టీసీలో చాలాకాలం నడిచిన మరో పద్ధతి గురించి ఇక్కడ చెప్పుకోవాలి. గుర్తింపు సంఘం నాయకులకు డ్యూటీ మినహాయింపు ఉండేది. బస్సు నడపకుండా పూర్తికాలం సంఘం పని చూసుకోవచ్చు. వేల మంది సమస్యలు చూడటానికి అది అవసరమే. కానీ పదేళ్లు స్టీరింగ్ పట్టని డ్రైవరుకు, మారిన డ్యూటీ చార్టులో విశ్రాంతి ఎక్కడ తగ్గిందో శరీరానికి తెలియదు. మినహాయింపును వంతుల వారీగా మార్చి, రెండేళ్లకోసారి నాయకుడు తిరిగి డ్యూటీ ఎక్కే పద్ధతి పెట్టి ఉంటే ప్రభుత్వం దాన్ని ప్రజల ముందు సోమరితనంగా చిత్రించే వీలు తగ్గేది.

చెదిరిన చోట, లెక్కలోకి రాని చోట

హమాలీలూ ఆర్టీసీ కార్మికులూ కనీసం ఒక చోట గుమికూడతారు. గ్రామ పంచాయతీ సిబ్బంది పరిస్థితి అంతకంటే కష్టం. ఊరికి ముగ్గురో నలుగురో. మల్టీపర్పస్ పేరుతో పారిశుధ్యం చేసేవాడే ట్రాక్టరు నడపాలి, వీధి దీపాలు చూడాలి అన్న 51వ నంబరు జీవోను రద్దు చేయాలని 2023 జులైలో వారు రాష్ట్రమంతటా సమ్మెకు దిగారు. అలాంటి సమ్మెలో నాయకుడు మండల కేంద్రంలో ఉంటాడు, సభ్యుడు సర్పంచి కళ్ల ముందు ఉంటాడు. విరమణ ప్రకటన వాట్సాప్‌లో వస్తుంది. హామీలు నోటిమాటలే అయితే నాయకుడికి రాజకీయంగా కొంత నష్టం. ఊళ్లో ఉన్న మనిషికి మాత్రం జీతం ఆపే అధికారం ఉన్నవారితో రోజూ ముఖాముఖి. ఒకే సమ్మెలో ఇద్దరూ చెల్లించే మూల్యం ఇంత తేడాగా ఉన్నప్పుడు, ఎప్పుడు ఆపాలో తేల్చే మాట ఎక్కువ చెల్లించేవారికే ఉండాలి. కనీసం మండలానికొక సమావేశం, అక్కడ చేతులెత్తించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

వాట్సాప్ గ్రూపులు ఈ లోటు తీరుస్తాయని కొందరు నాయకులు నమ్ముతున్నారు. వాటిలో సమాచారం కిందికి పారినంత వేగంగా ప్రశ్న పైకి వెళ్లదు. అడ్మిన్లు మాత్రమే రాయగలిగేలా పెట్టిన గ్రూపు గోడ మీది నోటీసు కంటే మెరుగైనదేమీ కాదు.

మహిళల విషయం వేరే చెప్పాలి. మార్కెట్ యార్డుల్లో రాశుల చుట్టూ చెదిరిన గింజలు ఊడ్చి చాట పట్టే కూలీలు, అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు, ఆశాలు ఈ జిల్లాల్లో పోరాటాలకు వెన్నెముక. 2023 సెప్టెంబర్‌లో అంగన్‌వాడీల సమ్మె రోజుల్లో కలెక్టరేట్ల ముందు ఎండలో కూర్చున్నది వాళ్లే. అయినా జిల్లా వేదికల మీద మైకు ఇంకా చాలాసార్లు మగవారి చేతిలోనే ఉంటోంది. సమావేశం సాయంత్రం ఏడింటికి పెట్టి, ఆడవాళ్లు రాలేదని మినిట్స్‌లో రాసుకోవడం న్యాయం కాదు.

ఇక సంఘం గడప దాటి లోపలికే రాని వారున్నారు. హుజూర్‌నగర్, మట్టంపల్లి, మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల్లో పర్మినెంటు కార్మికుడూ కాంట్రాక్టు కార్మికుడూ ఒకే దుమ్ము పీలుస్తారు. సిమెంటు పరిశ్రమలో వేతన ఒప్పందాలు చాలాకాలంగా జాతీయ స్థాయిలో యజమానుల సంఘానికీ కేంద్ర కార్మిక సంఘాలకూ మధ్య కుదురుతూ వచ్చాయి. స్థానిక ఎన్నికల్లో ఓటు పర్మినెంటు వారిది. తగ్గిపోతున్న వారి ఓట్లతో గెలిచిన నాయకుడికి, పెరిగిపోతున్న కాంట్రాక్టు కార్మికుడికి జవాబు చెప్పాల్సిన అవసరం కనిపించదు. అలాగే మిర్యాలగూడ మిల్లుల్లో ఇప్పుడు బిహార్ నుంచి వచ్చిన హమాలీలు పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నారు. వారి రాకతో తమ పని పోతుందని స్థానిక హమాలీలు భయపడుతున్నారు, ఆ భయానికి కారణం ఉంది. అయితే వారిని బయట ఉంచాలన్న విషయంలో నాయకులూ సభ్యులూ చక్కగా ఒక్కటవుతారు. మహారాష్ట్రలో, కర్ణాటకలో పాలమూరు కూలీ ఏ స్థానంలో నిలబడి పని చేశాడో ఇవాళ ఇక్కడ బిహారీ హమాలీ అక్కడే నిలబడి ఉన్నాడు. మేస్త్రి కూడా అలాగే ఉన్నాడు. రేటు తెంచేది ఆ మేస్త్రి ద్వారా అయినంత కాలం సంఘం రాయించుకున్న రేటుకు పునాది ఉండదు.

చందా, సంఖ్య

డబ్బు గురించి సంఘాల్లో మాట్లాడటం ఇబ్బందిగా భావిస్తారు. నెలనెలా రశీదు ఇచ్చి చందా వసూలు చేసే సంఘాలు తక్కువ. ఒప్పందం కుదిరి బకాయిలు చేతికొచ్చినప్పుడు ఒక్కసారిగా మనిషికింత అని వసూలు చేయడం వాడుకలో ఉంది. మాట్లాడిపెట్టినందుకు ఇచ్చే ఫీజులా అది కనిపిస్తుంది, కార్మికులు కూడా అలాగే లెక్కవేస్తారు. నెలకు పది రూపాయలైనా కట్టే సభ్యుడు మాత్రం సంఘాన్ని తనదిగా భావించి అడుగుతాడు. అడిగే హక్కు కొత్తది కాదు. సంఘం లెక్కల పుస్తకాలను, సభ్యుల జాబితాను ఏ సభ్యుడైనా తనిఖీ చేయవచ్చని 1926 చట్టమే చెప్పింది. రాజకీయ ఖర్చులకు వేరే నిధి ఉండాలని, దానికి చందా ఇవ్వాలని ఎవరినీ బలవంతం చేయరాదని కూడా అదే చట్టం చెప్పింది. ఈ సంగతులు రశీదు వెనకవైపు నాలుగు పంక్తుల్లో అచ్చు వేస్తే సరిపోతుంది.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఈ సంబంధాన్ని ఇంకో వైపు లాగుతోంది. మస్టర్ రోల్‌లో (హాజరు పట్టీలో) ఉన్న కార్మికుల్లో 51 శాతం మద్దతు ఉన్న సంఘమే ఏకైక చర్చల సంఘం. అంత బలం ఎవరికీ లేకపోతే 20 శాతానికి తగ్గని సంఘాలతో చర్చల మండలి ఏర్పడుతుంది. ఇకపై నాయకుల చూపు సంఖ్య మీద ఉంటుంది. సభ్యత్వ పత్రాల మీద సంతకాలు సేకరించే పోటీ పెరుగుతుంది. చిన్న సంఘాల్లో ఉన్న కాంట్రాక్టు కార్మికులు, మహిళలు ఆ లెక్కలో కొట్టుకుపోయే ప్రమాదం ఉంది. బొంబాయి బట్టల మిల్లుల్లో చట్టప్రకారం సంతకం హక్కు ఒక సంఘానికి ఉంటే కార్మికుల నమ్మకం వేరే కార్మిక నాయకుడు దత్తా సామంత్ దగ్గర ఉంది. 1982 జనవరిలో మొదలైన ఆ సమ్మెలో రెండు లక్షల మందికి పైగా కార్మికులు పాల్గొన్నారు. హక్కు ఒకరి దగ్గర, నమ్మకం మరొకరి దగ్గర ఉంటే పరిష్కారం ఎంత కష్టమో అక్కడ తేలింది. కొత్త కోడ్ కింద ఏకైక సంఘంగా గుర్తింపు పొందే నాయకత్వానికి సభ్యుల ఆమోదం ఇంతకుముందు కంటే ఎక్కువ అవసరం.

ఆచరణలో ఇందుకు పెద్ద సంస్కరణలు అక్కరలేదు. సంఘం నియమావళిలో ఒక నిబంధన చేర్చుకోవచ్చు: ఏ ఒప్పందమైనా సర్వసభ్య సమావేశం ఆమోదం తర్వాతే అమల్లోకి వస్తుంది. యాజమాన్యానికి ఇచ్చే డిమాండ్ నోటీసులోనే ఆ వాక్యం రాస్తే అర్ధరాత్రి ఎత్తిపొడుపుకు జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. సభ్యులను అడగాలి అన్నది నాయకుడి బలహీనతగా కాక సంఘం నియమంగా బల్ల మీదకు వస్తుంది. కొత్త కోడ్ ప్రకారం సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ రోజులను విన్నపాలకు మాత్రమే వాడకుండా డిపోకు, మిల్లుకు, మండలానికి ఒక సమావేశం పెట్టి, ఎక్కడిదాకా తగ్గవచ్చో సభ్యుల చేతనే తేల్పించవచ్చు. అప్పుడు చర్చలకు వెళ్లే నాయకుడి జేబులో ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దులోపల కుదిరితే అక్కడికక్కడే సంతకం పెట్టే అధికారం ఆయనకు ఇవ్వవచ్చు. వర్షం ముంచుకొస్తున్న వారంలో కూడా ఈ పద్ధతి నడుస్తుంది.

కాగితం తెలుగులో ఉండాలి. ఇంగ్లిషులో తయారైతే అనువాదం మీద కూడా ఇరుపక్షాలూ సంతకం చేయాలి. మూడు షిఫ్టులున్న ఫ్యాక్టరీలో మూడుసార్లు చదవాలి, రాత్రి షిఫ్టు వాళ్లకు పొద్దున ఆరింటికి గేటు దగ్గర. యార్డులో చాట కూలీలకు మధ్యాహ్నం భోజనాల వేళ. బిహార్ హమాలీలు ఉన్న మిల్లులో హిందీలో. చదివేటప్పుడు రేటు దగ్గర ఆగకుండా నెట్టు వరసలు, బస్తా బరువు, ప్రమాదం జరిగితే ఆస్పత్రి ఖర్చు ఎవరిది, ఒప్పందం గడువు ఏ తేదీకి ముగుస్తుంది అన్నవి కూడా గట్టిగా చదవాలి. ఎవరైనా చేయెత్తి ఆపమంటే ఆపాలి.